ఎవరి చెయ్యి

టీచర్ ఫోన్‌లో చెప్పిందంతా అరవంలోనే చెప్పింది, ఒక్క మాట తప్ప. మీ గోపిక ఒకటో తరగతి పిల్లని కొట్టింది, పిల్ల తల గోడకి తగిలి కనుబొమ్మ మీద చీలింది, అవినాశి గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకొచ్చాం, మీరు వెంటనే బయలుదేరి రండి. ఇదంతా అరవం. మధ్యలో ఆ ఒక్క ముక్క మాత్రం, అర్థం తెలియని నోరు కూడబలుక్కుని పలికినట్టు, తెలుగులో వచ్చింది. "ఏడిస్తే ఇంకోటి పడుతాది." కొట్టేటప్పుడు మీ పాప ఇదే మళ్లీ మళ్లీ అన్నదట, పక్కనున్న పిల్లలు చెప్పారు, మీ ఇంటి భాషే కదా, ఏమిటమ్మా ఆ మాట, బూతా? కాదు టీచర్, బూతు కాదు, అంది అముద. సూపర్‌వైజర్ పెరియసామికి విషయం సగం చెప్పి, మిగతా సగం చేతి సైగతో చెప్పి, చెకింగ్ టేబుల్ మీద చూడవలసిన బనియన్లు అట్లాగే గుట్టగా వదిలేసి తిరుప్పూరు పాత బస్టాండుకి పరుగెత్తింది. కదులుతున్న బస్సు ఎక్కింది. అది ముందు భాగానికి గులాబీ రంగు వేసిన టౌను బస్సని, ప్రతి స్టాపులోనూ ఆగుతుందని, ఎక్కి కూర్చున్న తర్వాతగాని గుర్తు రాలేదు. దిగి ఇంకో బస్సు కోసం నిలబడే ధైర్యం లేకపోయింది. ఒంటిగంట దాటింది. మంచి ఎండ. కిటికీ ఊచ చేతికి కాలుతోంది, అయినా వదలలేదు.

మొగుడు సెంతిల్ మాట అది. వేరే ఎవరిదీ కాదు. మదురైలో ఏడేళ్లు ఆ మాట విన్న చెవులు ఇవి. మాట్టుతావణి కూరగాయల మార్కెట్టులో మూటలు దించేవాడు సెంతిల్, పెద్ద చేతులు, ఉల్లిగడ్డ వాసన. మనిషి మంచివాడని మార్కెట్టులో అందరూ అనేవాళ్లు. ఇంట్లో మాత్రం, అన్నం వేడిగా లేదనో, తలుపు తీయడం ఆలస్యమైందనో, ఒక్కోసారి ఏమీ లేకుండానే, అముద జడని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకునేవాడు. మూట మూతి చుట్టుకున్నట్టే. తొందర ఉండేది కాదు ఆ చుట్టడంలో. మొదటి చుట్టు, రెండో చుట్టు, ఆ తర్వాత గోడ. ఏడిస్తే ఇంకోటి పడుతాది. అందుకని ఏడ్చేది కాదు. పెదాలు లోపలికి మడిచి పళ్లతో పట్టుకునేది. పిల్ల నిద్రపోతోందిలే, పిల్లకేం తెలుస్తుందిలే, పిల్ల టీవీ చూస్తోందిలే. పిల్ల ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూనే ఉండేది, ఎప్పుడూ అక్కడే ఉండేది. కంచంలో వేలితో గీతలు గీస్తూ, గడప మీద కూర్చుని, తల ఎత్తకుండా. తల ఎత్తకపోతే చూడలేదనుకుంది అముద. వెర్రిది. తలెత్తకుండా చూడటం తనకి మాత్రం తెలియదా, తన చిన్నప్పుడు తనూ ఏదో ఒక గడప మీద అట్లా కూర్చోలేదా.

ఒక పొద్దున, అప్పటికి గోపికకు ఐదేళ్లు నిండి నాలుగు నెలలు, అముద నుదుటి మీద ఉబ్బిన చోట వేలు పెట్టి మెల్లగా నొక్కి చూసింది. నొప్పిగా ఉందా అని అడుగుతుందనుకుంది తల్లి. "నువ్వు ఏమి తప్పు చేసినావమ్మా?" అని అడిగింది పిల్ల. నాన్న ఎందుకు కొట్టాడు అని కాదు. నువ్వు ఏమి తప్పు చేసినావు. దెబ్బ ఎవరికి పడిందో తప్పు వాళ్లదే అయి ఉంటుందని ఆ పిల్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చూసి చూసి తనే లెక్క తేల్చుకుంది. ఆ మధ్యాహ్నమే రెండు జతల బట్టలు, రేషన్ కార్డు, పిల్ల పుట్టిన సర్టిఫికెట్టు సంచిలో కుక్కుకుని, సెంతిల్ మూటలు దించే మార్కెట్టు పక్కనున్న ఆ మాట్టుతావణి బస్టాండులోనే, మార్కెట్టు వైపు ముఖం తిప్పకుండా, తిరుప్పూరు బస్సెక్కింది. బస్సు కదిలాక పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకుంది: ఇకమీదట ఈ పిల్ల కళ్లు అటువంటిది చూడవు. ఏడాదిన్నరయింది. అవినాశిలో ఒక కాలనీలో ఒక్క గది, రేకుల కప్పు, పక్క వాకిట్లో కాంతమ్మాళ్ అవ్వ, బడి విడిచిపెట్టాక అముద ఇల్లు చేరేదాకా పిల్లని చూసుకునే మనిషి. మగగొంతు వినిపించని ఇల్లు. కాంతమ్మవ్వతో ఎన్నిసార్లో చెప్పుకుంది, నా బిడ్డను తప్పించుకుని తెచ్చుకుంటిని అవ్వా, అని. చెప్పుకున్నప్పుడల్లా గుండె కొంచెం విప్పారేది.

తప్పించలేదు. తేలేదు. సెంతిల్ ఆ సంచిలోనే వచ్చాడు, సర్టిఫికెట్ల పక్కన, పిల్ల కళ్లలో పడుకుని వచ్చాడు. గాంధీనగర్ దగ్గర బస్సు ఆగింది. ఆగి, కదలదు. ముందెక్కడో ఒక మోపెడ్ వాడు, ఒక కారు వాడు రోడ్డు మధ్యలో దిగి అరుచుకుంటున్నారు. మోపెడ్ వాడు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు, కొట్టడానికే. పక్కన చిన్నపిల్లల బడి వ్యాను ఒకటి ఆగి ఉంది. కిటికీలో నాలుగైదు ముఖాలు, ఎల్‌కేజీ పిల్లలేమో, మెడలో వాటర్ బాటిళ్లు. ఒక్కరూ భయపడటం లేదు. ఒక్కరూ నవ్వడం లేదు. నోళ్లు కొద్దిగా తెరుచుకుని, రెప్ప వేయకుండా, హెల్మెట్ పట్టుకున్న ఆ చేతినే చూస్తున్నారు. వ్యాను డ్రైవరు కూడా అదే చూస్తున్నాడు. ఎవరైనా ఆ పిల్లల కళ్లు మూయరా? అముద కిటికీలోంచి అరవబోయింది. ఏమని అరవాలి? మోపెడ్ వాడు కొట్టలేదు, హెల్మెట్ మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు. బస్సు కదిలింది, వ్యాను వెనకబడింది. ఆ చెయ్యి లేచినంతవరకూ ఆ పిల్లలు చూసేశారు. రేపు ఎవరి వాటర్ బాటిల్ ఎవరి తల మీద లేస్తుందో.

ఆ పిల్ల పేరేమిటి? టీచర్ చెప్పింది. లక్ష్మిప్రియ. రెండు వరసల అవతలి పాండీశ్వరి కూతురు. పాండీశ్వరి కూడా బనియన్ కంపెనీలోనే, వేరే కంపెనీ. కుళాయి దగ్గర కనిపిస్తుంది, బిందె ఎత్తి అముద తల మీద పెడుతుంది, మనవాళ్లే, తెలుగే. లక్ష్మిప్రియకు ఐదేళ్లుంటాయి. ముందుపళ్లు రెండు లేవు. నవ్వినప్పుడు నాలుక చివర ఆ సందులోంచి బయటికి వస్తుంది. గోపిక వెనకాలే తిరుగుతుంది, గోపికక్కా గోపికక్కా అని. అంత చిన్న తల. ఆ తల గోడకి కొట్టుకుంటే ఎంత శబ్దం వస్తుంది? పెద్ద శబ్దం రాదు, అముదకి తెలుసు. లోపల మాత్రం పెద్దగా వినిపిస్తుంది, బయటికి కొబ్బరికాయ నేల మీద పెట్టినంతే.

ఫోన్ మళ్లీ మోగింది, అనుప్పర్‌పాళయం దాటుతుండగా. టీచరే. కుట్లు వేస్తున్నారమ్మా, ఆరు కుట్లు. కానీ పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది, తలకి దెబ్బ కదా, ఇట్లాగే ఉంటే కోయంబత్తూరు పెద్దాసుపత్రికి పంపాలేమో అంటున్నాడు డాక్టరు. మీరు ఎక్కడున్నారు? వస్తుండాను టీచర్, వచ్చేస్తుండాను. టీచర్ ఫోన్ పెట్టలేదు. ఆవిడది చిన్న వయసు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. ఇంకొక సంగతమ్మా, నాకే అర్థం కావడం లేదు, అంది. నేను వెళ్లేసరికి మీ పాప ఆ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. తన స్కర్టు అంచుతో రక్తం తుడుస్తోంది. టిఫిన్ డబ్బాలోంచి బిస్కెట్ తీసి నోట్లో పెడుతోంది. ముద్దు పెడుతోంది. ఆ పిల్లేమో నోరు తెరిచి తింటోంది. కొట్టిన పిల్ల అట్లా ఎందుకు చేస్తుందమ్మా? నేను ఇంతవరకూ ఇట్లాంటిది చూడలేదు.

ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది, అవతల టీచర్ పెట్టేశాక కూడా. సెంతిల్ ఎప్పుడూ తుడవలేదు. ఒక్కసారి కూడా. జడ వదిలేసి చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు, వీధి చివర టీ తాగి వచ్చేవాడు. వచ్చాక మామూలుగా ఉండేవాడు. బిస్కెట్ పెట్టడం, ముద్దు పెట్టడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం సెంతిల్‌కి తెలియని సంగతులు. మరి ఎక్కడ చూసింది? టీవీలో చూసి ఉంటుంది. పిల్లలు టీవీలో ఎన్నెన్ని చూస్తారు. కాంతమ్మవ్వ ఇంట్లో మధ్యాహ్నమంతా సీరియల్లే కదా, కొట్టడాలు ఏడవడాలు కౌగిలించుకోవడాలు. అవును, సీరియల్లోదే. లేకపోతే బళ్లో ఎవరో. కాలనీలో ఎవరో, ఎంతమంది కొడతారు కాలనీలో పిల్లల్ని, ఏ ఇంట్లో కొట్టరు. పక్కింట్లో చూసి ఉంటుంది. అమ్మాపాళయం స్టాపులో ఒక ముసలావిడ పూలబుట్టతో ఎక్కి అముద పక్కన కూర్చుంది. బుట్టలో మల్లెపూలు, పైన తడిగుడ్డ. ఆ చల్లదనం చేతికి తగిలింది. ఎందుకో ఆ చల్లదనం తగలగానే ఫోన్‌లో ఉన్న వీడియో గుర్తొచ్చింది.

రెండు నెలల కిందట ఒక ఆదివారం. గోపిక ఆడుకుంటోంది. తలగడని గోడకి ఆనించి నిలబెట్టి, దానికి అంచు కుచ్చులున్న తువ్వాలు జడలాగా కట్టి, వేలెత్తి గదమాయిస్తోంది. అముద పొయ్యి దగ్గరనుంచే ఫోన్ తీసి పట్టింది. నవ్వొచ్చింది, అంత చిన్న నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడే తీరుకి. మాటలు చెవిన పడలేదో, పడనివ్వలేదో. టీచర్ ఆట ఆడుతోంది చూడండి అని కంపెనీలో స్నేహితురాళ్లకి పంపింది. మర్నాడు చెకింగ్ టేబుల్ దగ్గర అందరూ చుట్టూ చేరి చూశారు, మిషన్ల హోరులో మాటలు ఎవరికీ వినపడలేదు, బొమ్మే చూశారు. బాల అనే పిల్ల, కొత్తగా చేరిన పిల్ల, పగలబడి నవ్వింది. "టీచర్ కాదు అక్కా, అచ్చం నువ్వే!" అంది. అముద కూడా నవ్వింది. ఆ రోజంతా సంతోషంగా ఉండింది, కూతురు తనలాగే ఉందన్నందుకు.

వీడియో తెరిచింది. శబ్దం పెట్టలేదు. గోపిక తువ్వాలు పట్టుకుంది. మొదటి చుట్టు. రెండో చుట్టు. తొందర లేదు. తలగడని గోడకి కొట్టింది, మళ్లీ కొట్టింది. పక్కనున్న పూలావిడ మెడ సాచి చూసింది, నవ్వింది, నీ బిడ్డా, అని అడిగింది అరవంలో. ఆమా, అని తలూపింది అముద. ఇప్పుడు తలగడని ఒళ్లోకి తీసుకుంది గోపిక. గౌను అంచుతో తలగడ ముఖం తుడుస్తోంది. లేని బిస్కెట్‌ని లేని నోట్లో పెడుతోంది. శబ్దం పెట్టకూడదు. పెట్టకపోతే ఇంకా టీవీ సీరియలే అది, పక్కింటివాళ్లే, సెంతిలే. అవినాశి ఇంకో ఇరవై నిమిషాలు. ఫోన్ చెవికి ఆనించుకుని, వేలితో మీట నొక్కి శబ్దం పెంచింది.

"ఎన్ని సార్లు చెప్పాల నీకు? కంపెనీలో నిలబడి నిలబడి కాళ్లు చచ్చిపోయి వస్తుండాను. ఇంటికొస్తే నువ్వు ఇట్ల. ఏడవొద్దు. ఏడిస్తే ఇంకోటి పడుతాది." దబ్బుమని శబ్దం, మళ్లీ దబ్బు. తర్వాత గొంతు మారింది, మెత్తబడింది, ముక్కు ఎగబీల్చింది. "నొప్పిగుండాదా కన్నా? అమ్మకు నువ్వు తప్ప ఎవరుండారు చెప్పు. ఇదో, బిస్కెట్ తిను. కాంతమ్మవ్వకు చెప్పొద్దు, ఏం? చెప్పకుంటే అమ్మ నీకు పువ్వు కొనిస్తుంది."

సెంతిల్ ఏనాడూ ఏ కంపెనీలోనూ పని చెయ్యలేదు. మదురైలో కాంతమ్మవ్వ అనే మనిషే లేదు.

తిరుమురుగన్‌పూండిలో ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కండక్టరు విజిల్ ఊదాడు. ఎన్నిసార్లు? అడగాల్సినది అదే కదా, ఎన్నిసార్లు అముదా? ఎప్పుడో ఒకసారి అని నీకు నువ్వే చెప్పుకుంటావు, ఎప్పుడో ఒకసారి ఒక దెబ్బ, కొట్టని తల్లి ఎవరు, అని. మొదటిది గుర్తుంది. కుళాయిలో పదిరోజులకొకసారి నీళ్లు వచ్చే ఎండాకాలం. తెల్లవారుజామున లేచి వరసలో నిలబడి పట్టిన నీళ్లు రెండు బిందెలు, ఒక డ్రమ్ము. ఆ రోజు కంపెనీలో వెనక్కి వచ్చిన సరుకంతా అముద చూసి పంపినదేనని పెరియసామి అందరి ముందూ బనియన్ని మొహం మీదికి విసిరాడు. మొహం మీద పడ్డ బనియన్ని తీసి మడత పెట్టి టేబుల్ మీద పెట్టింది. బస్సులో ఏమీ అనుకోలేదు. సాయంత్రం ఇల్లు చేరి తలుపు తీస్తే నేలంతా నీళ్లు. గోపిక తన పలక కడిగి గౌను ఉతుకుదామని డ్రమ్ము వంచింది. అమ్మకి పని తగ్గిద్దామని. అది తర్వాత తెలిసింది. తర్వాత. ముందు చెయ్యి వెళ్లింది. ఆ చేతికి ఎంత బాగా తెలుసో చూసి అముదే అదిరిపోయింది. మొదటి చుట్టు, రెండో చుట్టు. ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవాలనుకోలేదు. ఏడేళ్లు దెబ్బలు తిన్న తల అది, కొట్టడం ఎట్లాగో ఆ తలకే తెలిసిపోయింది. నోట్లోంచి ఆ మాట వచ్చినప్పుడు వెనక్కి తిరిగి చూసింది, సెంతిల్ గదిలోకి వచ్చాడేమోనని. నిజంగానే తిరిగి చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. పిల్ల పెదాలు లోపలికి మడుచుకుని, పళ్లతో పట్టుకుని, ఏడవకుండా నిలబడి ఉంది.

ఆ రాత్రి ఇద్దరూ కౌగిలించుకుని పడుకున్నారు. ఇంకెప్పుడూ కొట్టను అని పిల్ల చెవిలో చెప్పింది. పదిరోజులకి మళ్లీ. ఆ తర్వాత వారానికి. తుడవడం, బిస్కెట్, ముద్దు, అవ్వకు చెప్పొద్దు. తుడిచింది కనక తను సెంతిల్ కాదనుకుంది. ఆ ఒక్కటీ పట్టుకుని బతికింది ఇన్నాళ్లూ. నేను ప్రేమతో కొడతాను, కొట్టి బాధపడతాను, వాడు బాధపడ్డాడా? ఇప్పుడు ఆ పిల్ల మొత్తం నేర్చుకుంది. కొట్టడం ఒక పని కాదు దానికి, కొట్టి, తుడిచి, తినిపించి, ముద్దు పెట్టడం, అంతా కలిపి ఒక పని. లక్ష్మిప్రియంటే గోపికకి కోపం ఉండి కాదు. ఇష్టం ఉండి. అట్లాగే కదా ఇష్టపడతారు ఇంట్లో. కిటికీలోంచి తల బయటపెట్టింది అముద. వేడిగాలి మొహానికి కొట్టింది. పూలావిడ వీపు మీద చెయ్యి వేసి రాస్తోంది, కడుపులో తిప్పిందా తల్లీ, ఏమైనా తిన్నావా పొద్దున. ఆ చెయ్యి మెత్తగా ఉంది. ఆ మెత్తదనం కింద అముదకి ఊపిరాడలేదు.

చెప్పకపోతే? ఎవరికి తెలుసు? టీచర్‌కి తెలుగు రాదు. వీడియో తీసేయవచ్చు, ఒక్క వేలి నొక్కు. పోయిన నెల సెంతిల్ ఫోన్ చేశాడు, బిడ్డను పెంచడం చేతకాకపోతే చెప్పు, నా తల్లి పెంచుతుంది, కేసు వేసి తీసుకుంటాను, అన్నాడు. ఇప్పుడు బడివాళ్లు ఏదైనా కాగితం మీద రాస్తే, తల్లే కొడుతుంది అని రాస్తే, ఆ కాగితం వాడి చేతిలో పడితే. గోపిక మళ్లీ ఆ గడప మీద కూర్చుంటుంది. అక్కడ చూడటానికి అముద ఉండదు, దెబ్బలు తినడానికి గోపికే ఉంటుంది. సెంతిల్ అని చెబితే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు. సగం నిజం. వేలు వీడియో మీదే ఉంది. బస్సు అవినాశిలో తిరిగి ఆగింది. ఫోన్ అట్లాగే జాకెట్లో దోపుకుని దిగి పరుగెత్తింది.

ఆసుపత్రి వరండాలో ముందు కనిపించింది టీచర్. చీర కొంగు మీద ఎండిన రక్తం. వాంతులు ఆగాయమ్మా, డాక్టరు మళ్లీ చూశాడు, కోయంబత్తూరు అక్కర్లేదట, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచి చూస్తాడట, అంది. వరండా చివర బల్ల మీద గోపిక ఒక్కతే కూర్చుని ఉంది. కాళ్లు నేలకి అందడం లేదు. తల్లిని చూసింది. లేవలేదు, ఏడవలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి రెండు జడల్నీ పట్టుకుంది. టీచర్ చూస్తూనే ఉంది, అదేమిటో ఆవిడకి తెలియదు. అముదకి తెలుసు.

గదిలోంచి పాండీశ్వరి వచ్చింది. జుట్టు రేగిపోయి, కళ్లు వాచి. మీద పడి కొడుతుందనుకుంది అముద. కొడితే బాగుండుననుకుంది. పాండీశ్వరి స్తంభానికి ఆనుకుంది, గోపిక వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఏమి చేస్తావు పాపం నువ్వు మట్టుకు. కాంతమ్మవ్వ చెప్పుండాది నీ మొగుడి సంగతి. తండ్రి రక్తం. యాడ పోతుంది? నువ్వు తప్పించుకుని వస్తివి, బిడ్డలో వాడు వచ్చినాడు."

అదే మాట. బస్సులో తను అనుకున్న మాటే, తను అడక్కుండానే, దెబ్బ తిన్న పిల్ల తల్లి నోటి నుంచే. ఊరుకుంటే చాలు. తల వంచుకుని రెండు చుక్కలు కన్నీళ్లు పెడితే చాలు, పాండీశ్వరి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తుంది. గోపిక వింటోంది. జడలు పట్టుకుని, తల ఎత్తకుండా, నేల వైపు చూస్తూ, ప్రతి అక్షరం వింటోంది. ఇప్పుడు తను ఏం చేస్తుందో అదీ నేర్చుకుంటుంది.

"లేదు అక్కా," అంది అముద. "వాళ్ల నాన్న కాదు. అది నన్ను చూసి నేర్చుకున్నది. నేను కొడతాను దాన్ని. అట్లనే కొడతాను. జడ పట్టి." మళ్లీ టీచర్ వైపు తిరిగి, ఆవిడకి అర్థం కావాలని, అదంతా అరవంలో చెప్పింది. ఏడిస్తే ఇంకోటి పడుతుందంటే ఏమిటో చెప్పింది. అది నా మాట అని చెప్పింది. అరవంలో చెప్పినప్పుడు ఇంకా కష్టంగా ఉంది, ఇంటి బయట నిలబడి చెప్పినట్టు.

పాండీశ్వరి మెల్లగా స్తంభం వదిలి నిలబడింది. ఇంతసేపూ కళ్లలో ఉన్న జాలి పోయింది. "అయితే నా బిడ్డకు కుట్లు వేయించింది నువ్వు," అంది. గట్టిగా అనలేదు. "కుళాయి కాడ నా పక్కనే నిలబడతావు. నీకు నేను బిందె ఎత్తుతాను." అంతే అని లోపలికి వెళ్లిపోయి తలుపు వేసింది. నేను ఇది హెడ్‌మాస్టర్‌కి చెప్పాలమ్మా, రాయాల్సి వస్తుంది, పిల్లల సంక్షేమం వాళ్లు వస్తారేమో, అంది టీచర్. రాయండి టీచర్, అంది అముద. గోడ పట్టుకుని నడిచి బల్ల దాకా వెళ్లి గోపిక పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక జానెడు ఎడం. గోపిక ఆ ఎడాన్ని చూసింది, ఇంకొంచెం అవతలికి జరిగింది.

"లక్ష్మిప్రియ చచ్చిపోతుందా?"

"లేదు కన్నా. బాగైపోతుంది."

కాసేపు కాళ్లు ఊపింది. ఆపేసింది. "ఇంటికి పొయ్యినంక కొడతావా?"

"లేదు. కొట్టను. ఇంక ఎప్పుడూ కొట్టను."

గోపిక నమ్మలేదు. ఇదివరకు విన్న మాటే. ఆ ముఖంలో కోపం లేదు, భయం కూడా లేదు, బస్సు ఎన్నింటికని అడిగి తెలుసుకుంటున్నట్టు మామూలుగా ఉంది. "ఇక్కడనే కొట్టేయమ్మా," అంది. "ఇంటికి పొయ్యే లోపల అయిపోతుంది."

దగ్గరికి తీసుకుందామని అముద చెయ్యి ఎత్తింది. గోపిక కళ్లు గట్టిగా మూసుకుంది. పెదాలు లోపలికి మడిచి పళ్లతో పట్టుకుంది. జడలు వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల కొద్దిగా ఇటు వంచింది, అందేలాగా. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ముందుకు వెళితే దెబ్బ అనుకుంటుంది, తుడిచినా దెబ్బ తర్వాతిదే అనుకుంటుంది. ఆ చేత్తో ఇంక చెయ్యగలిగింది ఏమీ లేదు. అముద దాన్ని మెల్లగా దించుకుంది.

"కళ్లు తెరువు కన్నా," అంది.

గోపిక తెరవలేదు. కళ్లు మూసుకునే, ఎదురుచూస్తూ కూర్చుంది.